పొరుగు మాటే వినే పరమాణువులు

1924లో ఎర్నెస్ట్ ఈజింగ్ అనే యువకుడు హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఇనుము అయస్కాంతంగా ఎలా మారుతుందో చెప్పగలదనుకున్న ఒక ఊహను గురువు విల్‌హెల్మ్ లెంజ్ ఆయన చేతిలో పెట్టి, లెక్క కట్టి చూడమన్నాడు. శిష్యుడు శ్రద్ధగా కట్టాడు. ఆ ఊహ పని చేయదని తేలింది. మరుసటి ఏడు ఆ ఫలితం ఒక జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలో కొద్ది పేజీల్లో అచ్చయింది. ఆ తర్వాత ఈజింగ్ పరిశోధన జోలికి పెద్దగా పోలేదు. ఉద్యోగం వెతుక్కున్నాడు.

వందేళ్ళ తర్వాత చూస్తే, ఆ విఫల ప్రయత్నం ప్రస్తావన లేని గణాంక భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకం దొరకడం కష్టం. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌ల పని దాని వంశంలోదే. వాక్యంలో ఏది నామవాచకమో ఏది క్రియో గుర్తుపట్టే కంప్యూటర్ పద్ధతుల్లో ఒకటి కూడా ఆ కొమ్మకే కాసింది. సూదంటురాయికీ భాషకూ చుట్టరికం ఎక్కడ కలిసిందో తెలియాలంటే ఈజింగ్‌కు ఎదురైన చిక్కు దగ్గరికే వెళ్ళాలి.

అప్పటికి అయస్కాంతం గురించి తెలిసింది తక్కువేమీ కాదు. ఇనుమును వేడి చేస్తూ పోతే దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని అయస్కాంత గుణం పోతుంది, చల్లారితే తిరిగొస్తుంది. నికెల్‌కు ఆ హద్దు 360 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కోబాల్టుకు 1100 దాటుతుంది. 1895లో వెలువడిన పియరీ క్యూరీ సిద్ధాంత వ్యాసం ఇలాంటి కొలతలతో నిండి ఉంటుంది. ఆ హద్దుకు ఆయన పేరే నిలిచింది. 1907లో పియరీ వైస్ ఒక వివరణ ఇచ్చాడు. ప్రతి పరమాణువూ ఒక చిట్టి అయస్కాంతం, మిగతా పరమాణువులన్నీ కలిసి దాని మీద ఒక అంతర్గత క్షేత్రాన్ని మోపుతాయి, అందుకే అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి అన్నాడు. లెక్క కుదిరింది గానీ, ఆ క్షేత్రం అంత బలంగా ఉండాలంటే చిట్టి అయస్కాంతాలు నిజంగా ఇవ్వగలిగినదానికి దాదాపు వెయ్యి రెట్లు కావాలి. అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుందో వైస్ చెప్పలేకపోయాడు. దానికితోడు 1911లో నీల్స్ బోర్, 1919లో హెండ్రికా వాన్ ల్యూవెన్ విడివిడిగా ఇంకో ఇబ్బందికరమైన సంగతి నిరూపించారు. పాత భౌతికశాస్త్ర సూత్రాలను నిక్కచ్చిగా పాటిస్తే లోకంలో ఏ వస్తువుకూ అయస్కాంత గుణమే ఉండకూడదు!

లెంజ్ 1920లో రాసిన చిన్న వ్యాసం ఈ గందరగోళం మధ్య వచ్చింది. స్ఫటికంలో చిట్టి అయస్కాంతం ఇష్టమొచ్చిన దిక్కుకు తిరగలేదు, పైకో కిందకో రెండే దారులు అనుకుందాం అన్నాడాయన. ప్రతిదీ తన పక్కనున్నవాటితోనే ఒద్దికగా ఉండాలని చూస్తుంది, దూరంగా ఉన్నవాటి సంగతి దానికి పట్టదు. పక్కవి రెండూ ఒకే దిక్కు చూస్తే శక్తి ఆదా అవుతుంది, ఎదురెదురైతే ఖర్చవుతుంది. ఇంతలో వేడి వచ్చి వాటిని అటూ ఇటూ కుదుపుతూ ఉంటుంది. ఈ పెనుగులాటలో చివరికి గెలిచేది ఏది? చల్లబరిస్తే లక్షల కోట్ల పరమాణువులూ ఒక్క మాట మీదికి వస్తాయా?

ఈజింగ్ అన్నిటికంటే తేలికైన అమరిక తీసుకున్నాడు. పరమాణువులన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టాడు. ఒక్కోదానికి ఎడమన ఒకటి, కుడిన ఒకటి, అంతే పొరుగు. లెక్క తుదిదాకా కట్టగలిగాడు. జవాబు చెక్కు చెదరనిది. ఉష్ణోగ్రత ఎంత తగ్గించినా, పరమ శూన్యం దాకా పోనంతవరకూ, ఆ వరస అయస్కాంతం కాదు.

కారణం పంట కాలువ ఎరిగినవాళ్ళకు ఇట్టే పడుతుంది. కాలువకు ఎక్కడ గండి పడ్డా దిగువకు నీళ్ళు రావు. గండి ఒక్కటే అయినా, కాలువ ఎంత పొడుగైతే అది పడగల చోట్లు అన్ని. పరమాణువుల వరసలోనూ అంతే. ఒక్క చోట ‘పైకి’ అన్నది ‘కిందకి’గా మారిందంటే, అక్కణ్ణుంచి ఆవలున్నవన్నీ పొరుగును అనుసరించి కిందకే చూస్తాయి. ఆ ఒక్క తెంపుకు అయ్యే శక్తి ఖర్చు వరస పొడుగుతో పెరగదు, తెంపు పడే అవకాశాలు మాత్రం పొడుగుతోబాటు పెరుగుతాయి. కాబట్టి తగినంత పొడవైన వరస తెగక మానదు. ఈ చివరి పరమాణువుకు ఆ చివరిదాని సంగతి అందదు. సంబంధం దూరంతోబాటు శరవేగంగా కరిగిపోతుంది.

ఈజింగ్ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. మూడు కొలతల స్ఫటికంలోనూ ఇదే గతి పడుతుందని ఆయన అనుకున్నాడు. అది పొరపాటు. ఆ పొరపాటును నాలుగేళ్ళలో ఒక పెద్దమనిషి మాటసాయంగా తీసుకున్నాడు. 1928లో వెర్నర్ హైసెన్‌బర్గ్ క్వాంటం సూత్రాలతో అయస్కాంతానికి కొత్త సిద్ధాంతం రాస్తూ, పాత పద్ధతి చాలదనడానికి ఈజింగ్ ఫలితాన్నే చూపించాడు. వైస్‌ను వేధించిన వెయ్యి రెట్ల బలానికి మూలం హైసెన్‌బర్గ్ పట్టుకున్నాడు. అది అయస్కాంత బలమే కాదు, ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ వికర్షణ క్వాంటం నియమాలతో కలిసి వేసే వేషం.

1936లో రుడాల్ఫ్ పైర్ల్స్ అసలు మెలిక విప్పాడు. పరమాణువులను వరసలో కాక చదరంగం పలకలాగా రెండు కొలతల్లో పేర్చి చూడమన్నాడు. అందరూ ‘పైకి’ చూస్తున్నచోట ‘కిందకి’ చూసే గుంపు ఒకటి పుట్టాలంటే దాని చుట్టూ హద్దు ఏర్పడాలి. గుంపు పెద్దదయ్యేకొద్దీ హద్దు పొడుగవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో పెద్ద గుంపులు పుట్టడం దాదాపు అసాధ్యం. అందువల్ల మెజారిటీ మాట నిలుస్తుంది, క్రమం పలకంతా వ్యాపిస్తుంది. పైర్ల్స్ ఆ వ్యాసం శీర్షికలోనే ఈజింగ్ పేరు పెట్టాడు. నమూనాకు ఆ పేరు అలా స్థిరపడింది, లెంజ్ పేరు వెనకపడింది. ఇది న్యాయం కాదని ఈజింగే తర్వాతి రోజుల్లో అనేవాడు.

అసలు మనిషికి ఈ కీర్తి సంగతి తెలిసే వీలు అప్పట్లో లేదు. ఆయన యూదుడు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఉపాధ్యాయ ఉద్యోగం పోయింది. పోట్స్‌డామ్ దగ్గర కాపుత్ అనే ఊళ్ళో యూదు పిల్లల వసతి బడిలో చేరి, తర్వాత ప్రధానోపాధ్యాయుడయ్యాడు. ఐన్‌స్టీన్ దేశం వదిలిపోయాక ఖాళీగా ఉన్న వేసవి ఇంటిని కూడా ఆ బడి వాడుకుంది. 1938 నవంబర్ 10న మూకలు వచ్చి బడిని ధ్వంసం చేశాయి. ఈజింగ్ కుటుంబం లక్సెంబర్గ్‌కు తరలిపోయి అమెరికా వీసా కోసం ఎదురుచూస్తుండగా, సరిగ్గా ఆయన నలభయ్యవ పుట్టినరోజున, 1940 మే 10న, జర్మన్ సేనలు ఆ చిన్న దేశాన్ని ఆక్రమించాయి. భార్య జొహన్నా యూదురాలు కాకపోవడం వల్ల ప్రాణం దక్కింది. కానీ 1943లో ఆయన్ను వెట్టికి పట్టుకుపోయి, ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న మాజినో రక్షణరేఖ రైలు పట్టాలు పీకించారు. 1947లో గానీ అమెరికా చేరలేదు. మరుసటి ఏడు ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో బ్రాడ్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కొలువు దొరికింది. తన పేరు భౌతికశాస్త్రంలో మారుమోగుతోందని 1949లో పత్రికలు చదువుతుంటే తెలిసింది. అమెరికా వెళ్ళాక ఆయన అచ్చు వేయించిన కొద్దిపాటి రచనల్లో ఒకటి జర్మన్ కవి గోథె భౌతికశాస్త్ర ఆసక్తి మీద. అయస్కాంతాల మీద మళ్ళీ రాయలేదు. 1998 మే 11న, 98 ఏళ్ళు నిండిన మర్నాడు కన్నుమూశాడు.

ఇక భాష వైపు. ఈజింగ్ వరసకు కవల తోబుట్టువు ఒకటి అంతకు పదకొండేళ్ళ ముందే రష్యాలో పుట్టి ఉంది. 1913 జనవరిలో గణితవేత్త ఆండ్రే మార్కోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని అకాడమీ ముందు ఒక విచిత్రమైన లెక్క చదివాడు. పుష్కిన్ పద్య నవల ‘యెవ్‌గేని అన్యేగిన్’ నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చులెన్నో హల్లులెన్నో లెక్కపెట్టాడు. అచ్చులు 8,638. ఏ అక్షరమైనా అచ్చు అయ్యే అవకాశం 43 శాతం. కానీ ముందరి అక్షరం అచ్చయితే ఆ అవకాశం 13 శాతానికి పడిపోతుంది, హల్లయితే 66 శాతానికి లేస్తుంది. ప్రతి అక్షరమూ తన వెనకదాన్ని బట్టి నడుచుకుంటుందన్నమాట. మార్కోవ్ మనసులో ఉన్నది సాహిత్యం కాదు. ఒకదానిమీద ఒకటి ఆధారపడే ఘటనలకూ సంభావ్యతా నియమాలు వర్తిస్తాయని చూపించి, గిట్టని మరో గణితవేత్త నోరు మూయించడం! ఆ పంతం నుంచి పుట్టిన మార్కోవ్ గొలుసూ ఈజింగ్ ఒంటి వరసా గణితంలో ఒక్కటే. అచ్చు, హల్లు బదులు పైకి, కిందకి అంటే సరిపోతుంది. వాళ్ళిద్దరిలో ఎవరికీ అది తట్టే సందర్భం రాలేదు.

1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతం రాస్తూ మార్కోవ్ గొలుసును అక్షరాల నుంచి మాటల మీదికి తెచ్చాడు. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో పుస్తకాలు తెరిచి ఏరుకుంటూ, ఇంగ్లీషును పోలిన ఇంగ్లీషు తయారు చేశాడు. రెండు మూడు మాటల దాకా ముచ్చటగా ఉంటుంది, వాక్యం సాగేసరికి దారి తప్పుతుంది. ఆయన సమాచారాన్ని కొలిచిన సూత్రం, వేడి వస్తువుల్లోని గందరగోళానికి పందొమ్మిదో శతాబ్దంలో బోల్ట్‌జ్‌మన్, గిబ్స్ రాసిన ఎంట్రోపీ సూత్రమే. పేరు కూడా మార్చలేదు.

1970ల్లో ఐబీఎమ్‌లో ఫ్రెడరిక్ జెలినెక్ బృందం మనిషి మాటను యంత్రంతో రాయించడానికి ఈ గొలుసునే ఆశ్రయించింది. వెనకున్న రెండు మాటలు చూసి మూడోది ఊహించడం వాళ్ళ పద్ధతి. దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది. వ్యాకరణం తెలిసినవాళ్ళు దాన్ని చూసి నవ్వారు. నవ్వడానికి కారణం లేకపోలేదు. తెలుగులో ఒక వాక్యం తీసుకోండి: ‘మా తమ్ముడు నిన్న తెల్లవారుజామున విజయవాడలో ఎక్కిన బస్సు దారిలో చెడిపోవడంతో సాయంత్రానికి గానీ ఇల్లు చేరుకోలేకపోయాడు.’ తమ్ముడు బదులు చెల్లెలైతే చివరి మాట ‘చేరుకోలేకపోయింది’ కావాలి. కర్తకూ క్రియకూ నడుమ పది మాటలున్నాయి. ‘గానీ ఇల్లు’ దాకానే చూపు ఆనే యంత్రానికి ఆ ఇంటికి చేరుతున్నది తమ్ముడో చెల్లెలో తెలిసే మార్గం లేదు. క్రియను వాక్యం కొసన దాచుకునే మన భాషల్లో ఈ లోపం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇది జెలినెక్ తెలివికి సంబంధించిన లోటు కాదు. ఈజింగ్ 1924లో నిరూపించినదే ఇది. పొరుగు మాట మాత్రమే వినే వరస దూరపు కబురు మోయలేదు.

అలాంటప్పుడు దూరపు కబురు మోసే అమరిక ఏది? భౌతికశాస్త్రవేత్తలు దీనికి రెండు జవాబులు కనిపెట్టారు. కొలతలు పెంచడం ఒకటి, పొరుగు అనే నియమాన్నే సడలించడం రెండోది.

మొదటి దారిలో మహా ఘట్టం లార్స్ ఆన్సాగర్‌ది. నార్వేలో పుట్టి అమెరికాలోని యేల్‌లో స్థిరపడిన ఈ రసాయనశాస్త్రవేత్త రెండు కొలతల పలకకు ఖచ్చితమైన పరిష్కారం సాధించినట్టు 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఒక సభలో ప్రకటించాడు. 1944లో అచ్చు వేశాడు. క్రమం ఏ ఉష్ణోగ్రత దగ్గర పుడుతుందో, ఆ క్షణంలో ఉష్ణధారణ ఎలా శిఖరానికి ఎగబాకుతుందో సూత్రంతో సహా చూపించాడు. అంతవరకు మంచు కరగడం, అయస్కాంతం చచ్చిపోవడం లాంటి హఠాత్పరిణామాలు ఒక్క మామూలు సమీకరణం నుంచి పుట్టగలవా అన్నదే అనుమానంగా ఉండేది. ఆన్సాగర్ ఆ అనుమానం తీర్చాడు. అయస్కాంత బలం ఎంతన్న రెండో సూత్రాన్ని 1948లో కార్నెల్‌లో ఒక నల్లబల్ల మీద రాసి వదిలేశాడు, నిరూపణ అచ్చు వేయలేదు. 1952లో సి.ఎన్. యాంగ్ ఆ నిరూపణ పూర్తి చేయడానికి ఆరు నెలలు పట్టింది. తన జీవితంలో అంత పొడవైన లెక్క ఇంకోటి లేదని యాంగ్ తర్వాత చెప్పుకున్నాడు. ఆన్సాగర్‌కు 1968లో నోబెల్ వచ్చింది గానీ, అది ఇంకో పనికి, అదీ రసాయనశాస్త్రంలో.

కాగితం మీద తెగని లెక్కలకు యంత్రం అవసరమైంది. 1953లో లాస్ అలమోస్‌లో అయిదుగురు కలిసి ఒక ఉపాయం పన్నారు. నికొలస్ మెట్రోపోలిస్ ఒకరు, మిగతావాళ్ళు రెండు జంటలు: మార్షల్, అరియానా రోసెన్‌బ్లూత్, ఎడ్వర్డ్, అగస్టా టెల్లర్. అణువులను ఒక్కొక్కటిగా కదిపి చూడాలి. శక్తి తగ్గితే మార్పు ఉంచాలి, పెరిగితే ఉష్ణోగ్రతను బట్టి పాచికలు వేసి తేల్చాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది అరియానా. పేరు మెట్రోపోలిస్‌ది నిలిచింది. ఈ పద్ధతి లేకుండా ఇవాళ గణాంకశాస్త్రం లేదు, తర్వాత రాబోయే హింటన్ యంత్రమూ లేదు. దాదాపు అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో రెన్‌ఫ్రీ పాట్స్ ఒక చిన్న సవరణ చేశాడు. పరమాణువుకు రెండే దారులు ఎందుకు, మూడు, నాలుగు, ఎన్నైనా ఉండనీయండి అన్నాడు. నిఘంటువులోని యాభై వేల మాటల్లో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన వాక్యపు ఖాళీని గణితంలో రాయాలంటే ఇలాంటి నమూనాయే కావాలి.

రెండో దారి ఒక చెడ్డ అయస్కాంతం నుంచి తెరుచుకుంది. బంగారంలో కాస్త ఇనుమో, రాగిలో కాస్త మాంగనీసో కలిపితే ఆ కొద్దిపాటి అయస్కాంత పరమాణువులు ఎక్కడ పడితే అక్కడ చెదిరి ఉంటాయి. కొన్ని జతలు ఒకే దిక్కు చూడాలనుకుంటాయి, కొన్ని ఎదురెదురుగా ఉండాలనుకుంటాయి. అందరినీ సంతోషపెట్టే అమరిక ఉండదు. 1972లో కానెల్లా, మైడోష్ బంగారం-ఇనుము మిశ్రమాల్లో ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర మొనదేలిన మలుపు చూశారు. గందరగోళమే గడ్డకట్టినట్టుంది! ఇలాంటివాటికి స్పిన్ గ్లాస్ అని పేరు. 1975లో షెరింగ్టన్, కర్క్‌ప్యాట్రిక్ ప్రతి పరమాణువునూ ప్రతి ఇతర పరమాణువుతో కలిపేసిన నమూనా రాశారు. అందులో పొరుగు, దూరం అనే తేడాయే లేదు. వాళ్ళ పరిష్కారం అతి తక్కువ ఉష్ణోగ్రతలో ఎంట్రోపీ సున్నా కంటే తక్కువని చెప్పింది, అది అసంభవం. 1979లో జార్జియో పారిసి మరో పరిష్కారం సూచించాడు. ఒకే శక్తి లోయలో కుదురుకోకుండా, లోయలో లోయగా లెక్కలేనన్ని స్థిమిత స్థానాలున్న దృశ్యమది. దాని సూత్రం సరైనదేనని మిషెల్ టాలగ్రాండ్ గణితవేత్తలు ఒప్పుకునేలా నిరూపించేసరికి 2006 వచ్చింది. పారిసికి 2021లో నోబెల్, టాలగ్రాండ్‌కు 2024లో ఆబెల్ బహుమతి దక్కాయి.

ఇన్ని లోయలుంటే ఒక్కో లోయలో ఒక్కో జ్ఞాపకం దాచుకోవచ్చు కదా? 1982లో హాప్‌ఫీల్డ్ రాసిన వ్యాసం సారం ఇదే. పరమాణువు బదులు నాడీకణం, పైకి-కిందకి బదులు రగలడం-ఊరుకోవడం, అందరికీ అందరితో బంధం. సగం చెరిగిన బొమ్మ ఇస్తే వ్యవస్థ దగ్గరి లోయలోకి జారి పూర్తి బొమ్మను గుర్తు తెచ్చుకుంటుంది. 1985లో ఆమిట్, గుట్‌ఫ్రాయిండ్, సొంపొలిన్స్కీ అనే ముగ్గురు ఇజ్రాయెలీలు పారిసి లెక్కల పనిముట్లతోనే దాని హద్దు తేల్చారు. వంద కణాలుంటే పద్నాలుగు దాకా గుర్తుంటాయి, మించితే అన్నీ కలగాపులగమే.

ఇలాంటి వలను జపాన్‌లో షునిచి అమారి 1972లోనే వర్ణించాడన్నది చరిత్రలో తరచు మరుగున పడే సంగతి. ఆయన దారికి తెలుగు లంకె ఒకటుంది. అమారి పేరు మోసింది సమాచార జ్యామితి అనే శాఖతో. సంభావ్యతల గుంపును ఒక వంపు తిరిగిన ఉపరితలంలాగా చూసి, రెండు సంభావ్యతల మధ్య దూరం కొలవడం దాని పని. ఆ దూరాన్ని మొదట ప్రతిపాదించినవాడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆయనకు పాతికేళ్ళు. అమారి కట్టిన భవనానికి అది పునాది. రావుగారు 2023లో, 102 ఏళ్ళ వయసులో కాలం చేశారు.

హాప్‌ఫీల్డ్ వలకు వేడి తగిలించినవాళ్ళు హింటన్, టెరెన్స్ సెజ్నౌస్కీ. సెజ్నౌస్కీ హాప్‌ఫీల్డ్ దగ్గర భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాడే. వాళ్ళ బోల్ట్‌జ్‌మన్ యంత్రం మెట్రోపోలిస్ తరహా పాచికలతో కదులుతూ, చూసిన ఉదాహరణల సంభావ్యతను నేర్చుకుంటుంది. సెజ్నౌస్కీ కొద్ది కాలానికే చార్లెస్ రోసెన్‌బర్గ్‌తో కలిసి ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పైకి చదివే వల తయారు చేశాడు. మొదట్లో అది పసిపిల్లలా గుడగుడమని, పోను పోను మాటలు పలికేది. జనం ముచ్చటపడ్డారు. కానీ దాని కిటికీలోంచి కనిపించేవి ఒక్కసారికి ఏడు అక్షరాలే, మళ్ళీ పొరుగే.

2024 నోబెల్ ప్రకటించగానే, భౌతికశాస్త్రం బహుమతి కంప్యూటర్లకు ఇచ్చారేమిటని సణిగినవాళ్ళున్నారు. హాప్‌ఫీల్డ్ విషయంలో ఆ సణుగుడుకు పస లేదు, ఆయన వాడినది నూటికి నూరుపాళ్ళు అయస్కాంతాల గణితం. హింటన్ విషయంలో కొంత ఉంది. ఇవాళ్టి పెద్ద భాషా నమూనాలు నేర్చుకునే తీరు బోల్ట్‌జ్‌మన్ యంత్రానిది కాదు, తప్పును వెనక్కి పంపించి దిద్దుకునే వేరే పద్ధతిది.

అయస్కాంతాల గణితం భాషలోకి వచ్చిన అసలు వాకిలి ఈ నోబెల్ కథలో కనబడదు. అది ఐబీఎమ్ ప్రయోగశాలది. 1990ల తొలి ఏళ్ళలో కెనడా పార్లమెంటు చర్చల ఫ్రెంచి, ఇంగ్లీషు ప్రతులను పక్కపక్కన పెట్టి యంత్రానువాదం నేర్పించిన బృందంలో స్టీఫెన్, విన్సెంట్ డెల్లా పియెట్రా అనే అన్నదమ్ములున్నారు. ఇద్దరూ హార్వర్డ్‌లో పట్టాలు తీసుకున్నారు, ఒకరు భౌతికశాస్త్రంలో, ఇంకొకరు గణిత భౌతికశాస్త్రంలో. అదే బృందంలోని పీటర్ బ్రౌన్ హింటన్ శిష్యుడు. 1996లో ఆ సోదరులు ఆడమ్ బెర్గర్‌తో కలిసి భాషకు గరిష్ఠ ఎంట్రోపీ సూత్రం వాడారు. తెలిసిన వాస్తవాలకు కట్టుబడి, తెలియని విషయంలో దేనికీ మొగ్గకుండా ఉండే సంభావ్యతను ఎంచుకోవడం ఆ సూత్రం. 1957లో ఎడ్విన్ జేన్స్ వేడి వాయువుల కోసం చెప్పిన మాట అది. మరుసటి ఏడు జాన్ లాఫర్టీతో కలిసి ఇంగ్లీషు పదాల స్పెల్లింగులకు నేరుగా ఒక యాదృచ్ఛిక క్షేత్రం రాశారు. అక్షరాలు పరమాణువుల స్థానంలో, అక్షరాల పొత్తులు శక్తి స్థానంలో. దాన్ని చూసి ఇది ఈజింగ్ నమూనా కాదనడానికి ధైర్యం కావాలి. లాఫర్టీ కూడా ప్రిన్స్‌టన్‌లో గణిత భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ నెల్సన్ దగ్గర చదువుకున్నవాడే. అప్పటికే డెల్లా పియెట్రా సోదరులు ఐబీఎమ్ వదిలి, షేర్ మార్కెట్‌ను గణితంతో ఆడుకునే ఒక సంస్థలో చేరిపోయారు.

2001లో లాఫర్టీ ఇద్దరు సహచరులతో ఆ క్షేత్రాన్ని వాక్యాల మీదికి తెచ్చాడు. వాక్యంలోని మాటలన్నీ ఒకేసారి చూస్తూ ప్రతి మాటకూ నామవాచకం, క్రియ, విశేషణం లాంటి గుర్తులు పెట్టే పద్ధతి అది. హైదరాబాద్‌కు త్వరగానే చేరింది. 2007 జనవరిలో కృత్రిమ మేధ అంతర్జాతీయ మహాసభ హైదరాబాద్‌లో జరిగినప్పుడు, దాని అనుబంధ సదస్సులో హిందీ, బెంగాలీ, తెలుగు వాక్యాలకు గుర్తులు పెట్టే పోటీ నడిచింది. ఒక్కో భాషకు శిక్షణగా ఇచ్చింది సుమారు 20 వేల మాటలు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ విద్యార్థులు లాఫర్టీ పద్ధతికి మరికొన్ని మెరుగులు దిద్ది తెలుగులో సుమారు 77 శాతం మాటలకు సరైన గుర్తులు పెట్టించారు. ప్రత్యయం మీద ప్రత్యయం ఎక్కి ఒక్కో మాటే ఒక వాక్యమంత బరువు మోసే భాషలో, అంత చిన్న రాశితో, అది తక్కువ పనేమీ కాదు. అయినా ఈ పద్ధతిలోనూ గుర్తుకూ గుర్తుకూ మధ్య బంధం పక్కదానితోనే. గొలుసు పూర్తిగా తెగలేదు.

తెంచింది 2017. ఆ జూన్‌లో గూగుల్ పరిశోధకులు ఎనిమిదిమంది ట్రాన్స్‌ఫార్మర్ అనే అమరికను ప్రకటించారు. ప్రతి మాటా మిగతా మాటలన్నిటినీ సూటిగా చూడగలదు, ఏది ఎంత ముఖ్యమో తూచుకోగలదు. తమ్ముడికీ ‘చేరుకోలేకపోయాడు’కూ మధ్య పది మాటలున్నా వంద మాటలున్నా ఒక్క అంగే. ఆ తూకం వేసే సూత్రం బోల్ట్‌జ్‌మన్‌ది. జవాబులో ఎంత చిలిపితనం ఉండాలో నిర్ణయించే మీటను ఇంజనీర్లు ఇవాళ్టికీ టెంపరేచర్ అనే పిలుస్తారు. ట్రాన్స్‌ఫార్మర్లకూ హాప్‌ఫీల్డ్ వలకూ ఉన్న బంధుత్వం 2020లో బయటపడింది. ఆస్ట్రియాలోని లింజ్‌లో సెప్ హోఖ్‌రైటర్ బృందం, హాప్‌ఫీల్డ్ వలకు తాము రాసిన కొత్త రూపం ఒక్క అడుగు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తూకమే వస్తుందని చూపించింది. ట్రాన్స్‌ఫార్మర్‌ను అయస్కాంతమనడం అతిశయోక్తి. చుట్టమనడం మాత్రం చెల్లుతుంది. ఆ మధ్యలోనే హెన్రీ లిన్, మాక్స్ టెగ్మార్క్ పాఠ్యాలను కొలిచి ఇంకో మాట చెప్పారు. మనుషులు రాసిన రాతలో దూరపు అక్షరాల మధ్య సంబంధం మార్కోవ్ గొలుసులో లాగా శరవేగంగా కరగదు, మెల్లగా తగ్గుతుంది. క్యూరీ హద్దు మీద నిలిచిన అయస్కాంతంలోనూ అలాగే తగ్గుతుంది.

ఇంతకూ ఈజింగ్ లెక్క కోసం పుట్టిన సిసలు అయస్కాంతాలు ఏమయ్యాయి? అవి ఊరుకోలేదు. 2010లో రాదూ కోల్డియా బృందం కోబాల్ట్ నయోబేట్ స్ఫటికాన్ని పరమ శూన్యానికి ఇంచుమించు దగ్గరగా చల్లార్చి, 5.5 టెస్లాల క్షేత్రం దరిదాపుల్లో న్యూట్రాన్లతో పరీక్షించింది. అందులో కోబాల్ట్ పరమాణువులు నిజంగానే ఒంటి వరసలు. లోపలి కంపనాల్లో మొదటి రెండింటి శక్తుల నిష్పత్తి 1.618కి, అంటే గణితవేత్తల బంగారు నిష్పత్తికి దగ్గరగా వచ్చింది. అలా రావాలని అలెగ్జాండర్ జమొలోడ్చికోవ్ 1989లోనే కాగితం మీద చెప్పి ఉన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ వ్యాసం బయటికొచ్చిన 2017 జూన్‌లోనే, దానికి కొద్ది రోజుల ముందు, అమెరికా పరిశోధకులు క్రోమియం అయొడైడ్‌ను పొరలు పొరలుగా ఒలిచి ఒక్క పొర మిగిల్చారు. పరమాణువులు ఏ దిక్కుకైనా తిరగగలిగితే అంత పలచని పొరలో క్రమం నిలవదని 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. ఇందులో క్రోమియం పరమాణువులకు నిటారుగా పైకో కిందకో చూడటమే ఇష్టం, లెంజ్ ఊహించినట్టే. లేజర్ కాంతి వేసి చూస్తే సున్నాకు 228 డిగ్రీల దిగువన ఆ ఒక్క పొరా అయస్కాంతమైంది. రెండు పొరలు కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని బలం మాయమైంది. మూడో పొర వేయగానే తిరిగొచ్చింది. రెండు కొలతల పలక ఇలా చేతికందింది గానీ, ఈజింగ్ తొందరపడి తేల్చేసిన మూడు కొలతల స్ఫటికానికి ఆన్సాగర్ తరహా సూత్రం ఇప్పటికీ లేదు. దాని క్రమం పుట్టే ఉష్ణోగ్రతను కంప్యూటర్లు ఎన్నో దశాంశ స్థానాల దాకా చెబుతాయి. ఆ అంకె అదే ఎందుకయిందో చెప్పే ఒక్క పంక్తి ఇంకా ఎవరూ రాయలేదు.